పేరు మార్చుకోవాలంటే కోర్టుకే వెళ్లాలా?



భివండిలో, పద్మానగర్ గల్లీల్లో పెరిగిన ఒక అబ్బాయిని ఊహించుకోండి. పేరు శ్రీనివాస్, తండ్రి పేరు రాజయ్య, ఇంటిపేరు గాజుల. తాత సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊళ్లో రేషన్ కార్డు మీద ఈ పిల్లవాడు జి. శ్రీనివాస్. మరాఠీ బడిలో చేర్పించిన రోజు ఫారం మీద మూడు గళ్లు కనబడ్డాయి: ఆడ్‌నావ్ (ఇంటిపేరు), నావ్ (సొంత పేరు), వడిలాంచే నావ్ (తండ్రి పేరు). రాసే గుమాస్తాకు తెలుగు రాదు, వెంట వెళ్లిన మేనమామకు మరాఠీ అంతంతమాత్రం. ఇంటిపేరు గడిలో రాజయ్య అని పడింది. ఆ తర్వాత ఆధార్‌లో శ్రీనివాస్ గాజుల అని వచ్చింది. పాన్ కార్డులో శ్రీనివాస్ రాజయ్య గాజుల అయ్యాడు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి పూర్ణాలో ఒక గోదాములో మంచి ఉద్యోగం దొరికింది. పీఎఫ్ ఖాతా తెరవబోతే కాగితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఒక్క మనిషే, కాగితాల్లో మాత్రం నలుగురు.

ఈ అబ్బాయి నేను కల్పించినవాడే. కానీ వింటున్న మీలో చాలామందికి ఇతను తమ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్నట్టే అనిపిస్తాడు. అలాంటప్పుడు చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: "కోర్టుకెళ్లి పేరు మార్పించుకో." ఆ మాట విన్నవాడికి గుండె జారుతుంది. కోర్టంటే వకీలు ఫీజు, వాయిదాలు, పోయిన రోజు కూలి. దాంతో పని అక్కడే ఆగిపోతుంది, తప్పు పేరు తర్వాతి తరానికి కూడా పోతుంది. కోర్టు ఎవరికి అక్కర్లేదు, ఎవరికి తప్పదు అన్నది తెలిస్తే ఈ భయం చాలావరకు పోతుంది. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

మన పేర్లు ఈ నేల మీద చిక్కుల్లో పడటం కొత్త కాదు. తెలంగాణ నుంచి పనులకు బొంబాయి వచ్చినవాళ్లను అందరినీ కలిపి కామాఠీలు అన్నారు. వాళ్లున్న పేట కామాఠీపురా అయింది. ఒక్కొక్కరికి ఉన్న ఇంటిపేరు, సొంత పేరు ఆ ఒక్క మాట కింద కనబడకుండా పోయాయి. తర్వాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం ఎరిగినవాళ్లు భివండికి తరలివచ్చారు. మన పెద్దవాళ్లు భీమండి అనే అంటారు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒక పొడి అక్షరంగా కుదించేసుకుంటాం. మరాఠీవాళ్లకు సొంత పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత ఆడ్‌నావ్. రెండు పద్ధతుల్లోనూ తప్పేమీ లేదు. ఒక పద్ధతిలో పుట్టిన పేరును ఇంకో పద్ధతి ఫారంలో ఇరికించిన చోటే తప్పు మొదలవుతుంది. అందుకే ఈ విషయంలో మనవాళ్లను చదువురానివాళ్లని, నిర్లక్ష్యం చేశారని ఎవరైనా తప్పుబడితే నాకు బాధేస్తుంది. తెలిసి చేసిన పొరపాటు కాదది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో పేరు మార్పుకంటూ ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. పెద్దవాడైన ఎవరైనా తన ఇష్టంతో పేరు మార్చుకోవచ్చు. అందుకు జడ్జిగారి అనుమతి ఉండి తీరాలన్న నియమం లేదు. కావలసిందల్లా ఆ మార్పును నలుగురికీ తెలిసేలా ప్రకటించడం. మొదట నోటరీ ముందుగానీ మేజిస్ట్రేటు ముందుగానీ ఒక అఫిడవిట్ రాసిస్తాం: పాత పేరు ఇది, కొత్త పేరు ఇది, ఇద్దరూ ఒక్కరే, కారణం ఇది అని. తర్వాత పత్రికల్లో ప్రకటన. పాస్‌పోర్టు పనికైతే ఇప్పుడు ఉంటున్న చోటా, శాశ్వత చిరునామా ఉన్న చోటా చదివే పత్రికలు కావాలంటారు; కాబట్టి ఊరి చిరునామా ఇంకా వదలని భివండి కుటుంబం ఒక ప్రకటన ఇక్కడి పత్రికలో, ఒకటి తెలంగాణ పత్రికలో వేయించుకోవడం మంచిది. ఆ తర్వాత గెజిట్. మహారాష్ట్ర ప్రభుత్వ ముద్రణ శాఖ ముంబయి చర్నీ రోడ్డులో ఉంది. గెజిట్ రెండో భాగంలో పేరు మార్పుల ప్రకటనలు వస్తాయి. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, చర్నీ రోడ్డుకు రైలెక్కే పని లేదు. తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇదే పని హైదరాబాదు చంచల్‌గూడలోని ముద్రణాలయం చేస్తుంది. కేంద్ర గెజిట్ కావాలంటే ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి పంపాలి.

గెజిట్ చేసే పని నేతగాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. పడుగులో పోగు తెగితే సాంచె ఆపి ముడి వేస్తాం. ముడి కనబడుతూనే ఉంటుంది, కానీ గుడ్డ ఆగకుండా సాగుతుంది. పాత పేరునూ కొత్త పేరునూ కలిపే ముడి గెజిట్. అందుకే ఆ కాగితాన్ని ప్రాణంతో సమానంగా దాచుకోవాలి. అది పోతే పాత పేరు మీదున్న పట్టా, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ ఎవరివో అయిపోతాయి.

అయితే గెజిట్‌కు ఒక హద్దుంది. ఏజెంట్లు డబ్బు తీసుకునేటప్పుడు దాన్ని చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఆ ప్రకటనల్లో రాసినదానికి చట్టపరమైన బాధ్యత తమది కాదని గెజిట్ అచ్చువేసే శాఖే అదే పేజీ మీద వేస్తుంది. అంటే ప్రభుత్వం మీ మాటను అచ్చు వేసింది, మీరు చెప్పింది నిజమని తీర్పు ఇవ్వలేదు. ఆధార్‌లో పేరు పూర్తిగా మార్చడానికి గెజిట్ అడుగుతారు, పాన్‌కూ అది పనికొస్తుంది. ఓటరు కార్డుకు ఫారం 8 ఉంది. ఆధార్‌లో పేరును మామూలుగా రెండుసార్లే మార్చనిస్తారు. కాబట్టి మొదటిసారి సేవాకేంద్రానికి వెళ్లే ముందే ఏ అక్షరాలతో, ఏ వరుసలో రాయాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. అక్కడ వరుసలో నిలబడి ఆలోచిస్తే ఒక అవకాశం వృథా అవుతుంది.

మన శ్రీనివాస్ సంగతే తీసుకుంటే అతను నిజానికి పేరు మార్చుకోవడం లేదు, సరిచేసుకుంటున్నాడు. ఈ రెండూ వేరు, చట్టం దృష్టిలో కూడా వేరు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో తేటగా చెప్పింది. సీబీఎస్ఈ సర్టిఫికెట్లలో పేర్లు మార్చాలని దేశం నలుమూలల నుంచి వచ్చిన కేసులను ముగ్గురు జడ్జీల ధర్మాసనం కలిపి విన్నది. మనిషి తన పేరుతో లోకానికి తనను తాను చెప్పుకుంటాడు కాబట్టి పేరు మీద అతనికున్న హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు సారాంశం. సర్టిఫికెట్‌లో పేరు బడి రికార్డుతోనో, జనన ధ్రువపత్రం, ఆధార్ లాంటి ప్రభుత్వ పత్రాలతోనో కలవకపోతే, ఆ పత్రాలు చూసి బోర్డు సరిచేయాలి. ఉన్న పేరు వద్దనుకుని కొత్త పేరు పెట్టుకుంటే మాత్రం బోర్డు కోర్టు ఉత్తర్వునూ, గెజిట్ ప్రకటననూ అడగవచ్చు. ఇదీ కోర్టు తప్పని చోటు. ఈ తీర్పు సీబీఎస్ఈ గురించి చెప్పినదే అయినా, పేరు హక్కు గురించి అందులో ఉన్న మాట దేశంలో ఏ కార్యాలయం ముందైనా చూపించుకోదగ్గది.

మహారాష్ట్రలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ అన్ని కాగితాలకూ పెద్ద బడి దాఖలా, అంటే లీవింగ్ సర్టిఫికెట్. పిల్లవాడు బడిలో ఉన్నన్నాళ్లూ రిజిస్టరులో పేరు సరిచేయించడానికి విద్యాధికారి అనుమతి చాలు. బడి వదిలాక స్పష్టంగా కనబడే రాతతప్పులు తప్ప మిగతావి మార్చడం చాలా కష్టం. తొమ్మిదో తరగతిలో ఒక దరఖాస్తుతో అయ్యే పని ఇరవై అయిదో ఏట దావాగా మారుతుంది. మన గల్లీల్లో పదో తరగతి ఫారాలు నింపే రోజుల్లో ప్రతి తల్లీ తండ్రీ ఆ రిజిస్టరులో పిల్లల పేరు ఎలా ఉందో కళ్లారా చూసుకోవాలి. మరాఠీ చదవడం రాకపోతే వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లాలి. ఇందులో మొహమాటం వద్దు.

మరి దావా అంటే ఏమిటి? 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో వేసేది. "నేను ఫలానా, నా హోదా ఇది, దీన్ని కాదంటున్నవాళ్లు వీళ్లు, నేను చెప్పేది నిజమని ప్రకటించండి" అని అడగడం. భివండిలోనే సివిల్ కోర్టు ఉంది, దాని పైన ఠాణే జిల్లా కోర్టు. ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చాల్సి వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నిజంగా అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయొచ్చు. మీ అర్జీని కార్యాలయం తిరస్కరించిన తర్వాత ఏళ్లకేళ్లు ఊరుకోకూడదు, ఇలాంటి దావాకు మూడేళ్ల గడువుంది. అందుకే తిరస్కరించినప్పుడు ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాటగా "కుదరదు" అన్నదాన్ని కోర్టుకు చూపించలేరు. సాక్ష్యానికి పుట్టిన ఊరి రికార్డు, బడి రిజిస్టరు, తాతల కాలపు పత్రాలు కావాలి. కుటుంబాన్ని తరాలుగా ఎరిగిన పెద్దమనిషి మాట కూడా కోర్టు వింటుంది. డిక్రీ వచ్చాక దాన్ని అన్ని కార్యాలయాలకూ తీసుకెళ్లే పని మాత్రం మళ్లీ మనదే.

ఇక్కడ మన తెలుగువాళ్ల కేసు ఒకటి చెప్పాలి. పేరు విషయంలో ఇంత మానవత్వంతో వచ్చిన తీర్పు నాకు మరొకటి తెలియదు. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆకెళ్ళ లలిత కేసులో ఇచ్చిన తీర్పది. ఆమె పెళ్లి 2003లో జరిగింది. 2006 మార్చిలో కొడుకు పుట్టాడు. పిల్లవాడికి మూడు నెలలైనా నిండకముందే, జూన్‌లో భర్త చనిపోయాడు. మరుసటి ఏడాది ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. పసివాడు ఆ ఇంట్లో ఆకెళ్ళ ఇంటిపేరుతో పెరిగాడు. చనిపోయిన భర్త తల్లిదండ్రులు 2008లో పిల్లవాడికి తమను సంరక్షకులుగా చేయమని కోర్టుకెక్కారు. కొడుకును పోగొట్టుకున్న ముసలివాళ్ల దుఃఖం మనకు అర్థం కానిది కాదు. కింది కోర్టు పిల్లవాడిని తల్లి నుంచి వేరు చేయడానికి ఒప్పుకోలేదు. హైకోర్టు కూడా పిల్లవాడిని తల్లి దగ్గరే ఉంచింది గానీ, 2014లో ఒక షరతు పెట్టింది: పిల్లవాడి ఇంటిపేరు కన్నతండ్రి ఇంటిపేరుకే మార్చాలి, అదీ మూడు నెలల్లో. రికార్డుల్లో వీలైన చోట కన్నతండ్రి పేరే చూపాలి. వీలు కాకపోతే ఇప్పటి భర్తను సవతి తండ్రి అని రాయాలి.

ఒక్క క్షణం ఆలోచించండి. బడిలో పేర్లు పిలిచే ప్రతి ఉదయం, పరీక్ష ఫారం నింపే ప్రతిసారీ, ఆ పిల్లవాడు "నువ్వు ఈ ఇంటివాడివి కావు" అన్న మాట వింటూ పెరగాలి. సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ఇచ్చిన తీర్పులో మొదటి కారణం చట్టానికి సంబంధించినది: ఇంటిపేరు మార్చమని తాత నానమ్మలు అసలు అడగనే లేదు, అడగని దాన్ని కోర్టు ఇవ్వకూడదు. ఆ తర్వాత వచ్చిన మాటలు నాకు మరీ ముఖ్యం. తండ్రి చనిపోయాక పిల్లవాడికి సహజ సంరక్షకురాలు తల్లే; ఏ ఇంటిపేరు పెట్టాలన్నది ఆమె నిర్ణయించుకోవచ్చు, పిల్లవాడిని దత్తతకు కూడా ఇవ్వవచ్చు. ఇంటిపేరంటే వంశవృక్షం ఒక్కటే కాదు, పిల్లవాడు "నేను ఈ కుటుంబంవాణ్ని" అనుకోగలగడం కూడా. కాగితాల మీద సవతి తండ్రి అని రాయించడం దాదాపు క్రూరం, అనాలోచితం అని కోర్టు అంది. అప్పీలు నడుస్తుండగానే, 2019లో, ఆ తండ్రి పిల్లవాడిని రిజిస్టరు పత్రంతో దత్తత తీసుకున్నాడు కూడా.

మరమగ్గాల ఊళ్లలో చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లు మనకు తెలుసు. మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లను "పిల్లవాడి ఇంటిపేరు తీసేస్తావా" అని రెండు వైపులవాళ్లూ నిలదీస్తారు. అమ్మా, మీకు ఎవరైనా అలా అడ్డం పడితే ఆకెళ్ళ లలిత కేసు పేరు చెప్పండి. వకీలుకు ఆ పేరు, 2022 అన్న సంవత్సరం చెబితే చాలు, తీర్పు తీసి చదువుతాడు.

పుట్టిన కులం పేరులోనే కనబడుతుంటే దాన్ని వదులుకోవాలనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2023లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల తండ్రి కులం తెలిపే ఇంటిపేరు మానేసి గెజిట్ వేయించుకున్నాడు. సీబీఎస్ఈ మాత్రం పిల్లల సర్టిఫికెట్లలో ఆ మార్పు చేయనంది. ఏ కులానికీ ముడిపెట్టని గుర్తింపుతో, ఎవరి చిన్నచూపూ సోకకుండా బతకడం మనిషి హక్కు అని కోర్టు తేల్చింది. పేరు మారినంత మాత్రాన కొత్త కులం ప్రయోజనాలు రావని కూడా అదే తీర్పులో చెప్పింది.

కులం మాట వచ్చింది కాబట్టి భివండివాళ్లకు ఒక హెచ్చరిక చేయాలి. మహారాష్ట్రలో ఓబీసీకిగానీ ప్రత్యేక వెనుకబడిన వర్గానికిగానీ కుల ధ్రువపత్రం కావాలంటే, 1967 అక్టోబరు 13కు ముందే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారం అడుగుతారు. ఆ ఆధారం తాత బడి దాఖలానో, మరో పాత కాగితమో అవుతుంది. తర్వాత కుల పరిశీలన కమిటీ ముందు వంశావళి పెట్టి, తాత నుంచి మనవడి దాకా ఒకే గొలుసని చూపాలి. మనవడు అందంగా ఉందనో, ముంబయిలో పలకడం సులువనో ఇంటిపేరు మార్చుకుంటే ఆ గొలుసులో ఒక లంకె ఊడుతుంది. మళ్లీ తగిలించడానికి గెజిట్, అఫిడవిట్లు, కొన్నిసార్లు డిక్రీ కావాలి. మార్చుకోవద్దని నేననను. మార్చుకునే ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిచి తాత కాగితంలో ఏ అక్షరాలున్నాయో చూడమంటాను. చాలాసార్లు ఆ అక్షరాలకే అందరూ సర్దుకోవడం తెలివైన పని.

ఆడపిల్లల పెళ్లి సంగతి త్వరగా చెబుతాను. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ లేదు. మరాఠీ ఇళ్లలో పళ్లెంలో బియ్యం పరిచి అందులో పెళ్లికూతురి కొత్త పేరు రాసే ఆచారం ఉంది. ఆ వేడుక వేడుకే, దానివల్ల కాగితాలు మారవు. మార్చుకోవాలనుకుంటే చాలా చోట్ల వివాహ ధ్రువపత్రం సరిపోతుంది. డిగ్రీ సర్టిఫికెట్లు పుట్టింటి పేరు మీదున్న అమ్మాయి పాత పేరే ఉంచుకుంటే ఆమెకు చట్టప్రకారం పోయేదేమీ లేదు.

దేశం దాటిన మన పిల్లలకు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద సొంత పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. సొంత పేరు తెలియదని దాని అర్థం. తల్లి ముచ్చటపడి పెట్టిన పేరు అక్కడ ఇంటిపేరైపోతుంది. ఆ దేశంలో పేరు మార్పు సాధారణంగా కోర్టు పనే. కాలిఫోర్నియాలో కౌంటీ కోర్టుకు అర్జీ పెట్టి, వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు పత్రికలో ప్రకటన వేసి, అప్పుడు జడ్జి ఉత్తర్వు పొందుతారు. పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడే కొత్త పేరు కోరుకుంటే, ప్రమాణం జడ్జి ముందు జరిగే చోట ఆ పని కూడా అక్కడే అయిపోతుంది. ఇదంతా ఇక్కడ పాస్‌పోర్టు ఫారంలో ఒక్క గడి నింపి ఉంటే రాని తిప్పలు.

చివరగా, ఇప్పుడే ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్లకు. ఆసుపత్రి నుంచి వివరాలు భివండి నిజాంపూర్ నగరపాలక సంస్థ జనన నమోదు విభాగానికి వెళతాయి. నామకరణం ఇంకా కాలేదని పేరు లేకుండానే నమోదు చేస్తారు, అందులో ఇబ్బంది లేదు. పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, పదిహేనేళ్ల వరకూ ఆలస్య రుసుము కట్టి చేర్పించవచ్చు. కానీ ఆగకండి. 2023 అక్టోబరు 1 నుంచి సవరించిన జనన మరణ నమోదు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడి ప్రవేశానికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ పుట్టినతేదీ చూపే కాగితం జనన ధ్రువపత్రమే. మహారాష్ట్రలో 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లల పేరు ప్రభుత్వ కాగితాల్లో ఈ వరుసలో రావాలి: బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తల్లి పేరు అందులో చేరడం నాకెంతో సంతోషాన్నిచ్చిన మార్పు. కాబట్టి ఫారం నింపే రోజు బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు నాలుగూ ఒక చీటీ మీద తెలుగులో, మరాఠీలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వెళ్లండి. తల్లిదండ్రుల ఆధార్‌లో ఉన్న అక్షరాలతో సరిపోల్చుకోండి. కాగితం చేతికిచ్చాక కిటికీ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే జనన మరణ నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారే సరిచేయగలడు, దానికి కోర్టు అక్కర్లేదు.